హరజుకు స్టేషన్లో ఆదివారాలు

దసరా సెలవులయ్యాక శాఖ తెరిచిన మొదటి రోజు. పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించుకోవడానికి వచ్చిన రైల్వే పెన్షనరు తాతగారొకరు నా బల్ల దగ్గర ఆగారు. ఖరగ్‌పూర్‌లోనే పుట్టి, ఇక్కడి రైల్వే కార్ఖానాలోనే రిటైరయ్యారు. పూర్వీకులది శ్రీకాకుళం వైపు. ఆయన మాటల్లో హిందీ, బెంగాలీ ఎంత కలిసినా యాస మాత్రం చెక్కుచెదరలేదు. "ఏటమ్మా, అష్టమినాడు మీ పాపని పూజా పందిట్లో సూసేను. అచ్చం దొరసాని బొమ్మలాగుంది" అన్నారు.

నాకేమీ అర్థం కాలేదు. అష్టమి రోజు మా అమ్మాయి నేను కొనిచ్చిన నీలం చుడీదార్ వేసుకుని ఇంట్లోంచి బయల్దేరింది. అదే చుడీదార్‌తో తిరిగొచ్చింది.

సాయంత్రం ఇంటికెళ్లి అడిగితే దాచలేదు. స్నేహితురాలి క్వార్టర్స్‌లో బట్టలు మార్చుకుని, పందిళ్లన్నీ తిరిగి, మళ్లీ చుడీదార్‌లోకి మారి వచ్చిందట. నానమ్మా, అమ్మమ్మా ఇచ్చిన పండగ డబ్బులు దాచుకుని గోల్ బజార్‌లో ఒక దర్జీ చేత గౌను కుట్టించుకుంది. బీరువా అడుగు నుంచి తీసి చూపించింది. మెడ దాకా బొత్తాలు, మోకాలి దాకా గంటలా విచ్చుకున్న కుచ్చులు, చేతుల చివర లేసు, తలకు రిబ్బను. "అడిగితే వద్దంటావని తెలుసు కదమ్మా" అంది. నిజమే. ఆగస్టులో ఏవో ఫొటోలు చూపించి ఇలాంటిది కుట్టించుకుంటానంటే, "ఏమిటా వేషం? ఇంటర్ పిల్లవి, ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి వెళ్తావా?" అని కొట్టిపారేసింది నేనే.

ఆ గౌను నాకు బాధ కలిగించలేదు. చుడీదార్ వేసుకుని గుమ్మం దాటుతూ "వెళ్లొస్తానమ్మా" అంది చూడండి, అది గుచ్చుకుంది.

ఈ తీరును ఏమంటారని అడిగితే "లోలిత" అంది. ఆ రాత్రి ఆ మాటను ఫోన్లో వెతికిన ఏ తల్లి గుండె అయినా గుభేలుమంటుంది. మొదట వచ్చేది నబొకొవ్ నవల, పసిపిల్ల మీద ఒక నడివయసు మగవాడి వెర్రి. నిద్ర పట్టలేదు. జపాన్‌లో ఈ దుస్తులు వేసుకునేవాళ్లు ఆ నవలతో తమకేమీ సంబంధం లేదంటారనీ, మగవాళ్ల చూపుల కోసం కాకుండా తమకోసం తాము వేసుకుంటామంటారనీ, ఒళ్లంతా కప్పుకోవడం ఇందులో మొదటి నియమమనీ తెలియడానికి ఇంకో వారం పట్టింది. ఆ వారంలో మొదలుపెట్టిన చదువు మూడు నెలలు సాగింది. మీ ఇళ్లలోనూ పదహారేళ్ల పిల్లలు ఉంటారు కదా, అందుకని తెలుసుకున్నది పంచుకుంటున్నాను.

జపాన్ యువత దుస్తుల కథ రైలు స్టేషన్ల కథ కూడా. టోక్యో నగరం నడుమ యమనోతె అనే రైలు మార్గం వలయంలా తిరుగుతుంది. 34.5 కిలోమీటర్లు, 30 స్టేషన్లు. ఆ వలయం మీద పక్కపక్కనే ఉన్నవి హరజుకు, షిబుయా. దుస్తుల తీరులకు ఈ స్టేషన్ల పేర్లే స్థిరపడిపోయాయి. ఫలానాది హరజుకు తీరు, ఫలానాది షిబుయా తీరు అంటారు. షిబుయాలో పిల్లల ఫ్యాషన్‌కు కోటలాంటి అంగడి భవనం పేరు '109'. 1979లో తెరిచారు. జపాన్ భాషలో పదిని 'తో' అనీ తొమ్మిదిని 'క్యూ' అనీ అంటారు. రెండూ కలిపితే తోక్యూ, అంటే ఆ భవనం కట్టిన రైల్వే కంపెనీ పేరు! ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం మాదేనని ఇప్పటికీ గొప్పగా చెప్పుకునే ఖరగ్‌పూర్‌లో ఈ సంగతి చెప్తే, మా శాఖలో రైల్వే కుటుంబాల నుంచి వచ్చిన వాళ్లు భలే సంతోషించారు.

హరజుకు స్టేషన్ పక్కన ఒకవైపు మెయిజీ చక్రవర్తి పేరిట కట్టిన పుణ్యక్షేత్రం, దాని దట్టమైన అడవి. ఆ పక్కన యొయొగి పార్కు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడ అమెరికా సైనిక కుటుంబాల ఇళ్లుండేవి. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు అదే స్థలం క్రీడాకారుల గ్రామమైంది, తర్వాత పార్కైంది. అమెరికా వాళ్ల కోసం వెలసిన దుకాణాలు, ఒలింపిక్స్‌కు వచ్చిన విదేశీయులు, ఈ రెండింటి వల్లా హరజుకుకు పరదేశపు గాలి ముందే సోకింది.

అయితే అసలు మలుపు 1977లో వచ్చింది. ఆదివారాల్లో ఆ పెద్ద రోడ్ల మీద వాహనాలు ఆపి, నడిచేవాళ్లకు వదిలేశారు. దీన్ని 'హోకోతెన్' అన్నారు, పాదచారుల స్వర్గమని అర్థం. మరుసటి ఏడు తకెషిత సందులో 'తకెనొకొ' అనే బట్టల దుకాణం వచ్చింది. తకెనొకొ అంటే వెదురు మొలక. అక్కడ కొన్న మెరిసే శాటిన్ పైజమాలు, వదులు అంగీలు వేసుకుని, టేప్ రికార్డర్ రోడ్డు మీద పెట్టుకుని, గుంపులు గుంపులుగా వలయాలు కట్టి ఒకే రకం అడుగులతో నాట్యం చేసేవాళ్లు బడిపిల్లలు. వాళ్లకు 'తకెనొకొ జొకు' అని పేరొచ్చింది. జొకు అంటే తెగ. మన జోకు కాదు! పక్కనే ఇంకో తెగ, తోలు కోట్లు, నూనె రాసి పైకి దువ్విన జుట్టు, అమెరికా రాక్ అండ్ రోల్. వీళ్ల వారసులు కొందరు ఇప్పటికీ ఆదివారం యొయొగి పార్కు గేటు దగ్గర నాట్యం చేస్తారు. జుట్టు నెరిసినా దువ్వడం మానలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా నాన్నగారు బెల్‌బాటం ప్యాంటు, ఏనుగు చెవుల్లాంటి కాలరుతో తీయించుకున్న ఫొటో మా ఇంట్లో ఉంది. మా తాతగారు నెల రోజులు ఆయనతో మాట్లాడలేదట. ఈ ముక్క నేను చెప్పకముందే మా అమ్మాయి నాకు గుర్తు చేసింది.

పోలీసులు రంగంలోకి దిగిన సందర్భమూ ఉంది. 1964లో టోక్యోలోనే గింజా బజారులో, మియుకి వీధిలో కొందరు కుర్రాళ్లు పొట్టి ప్యాంట్లు, అమెరికా కాలేజీ తరహా చొక్కాలు వేసుకుని ఊరికే నిలబడేవాళ్లు. వాళ్ల పేరు 'మియుకి జొకు'. ఒలింపిక్స్‌కు ప్రపంచమంతా వస్తోంది, వీళ్లను చూసి ఏమనుకుంటారోనని సెప్టెంబరులో పోలీసులు చుట్టుముట్టి వాళ్లను స్టేషనుకు తరలించారు. వాళ్లు చేసిన నేరం ఇస్త్రీ చొక్కాలు వేసుకుని పనిలేకుండా నిలబడటం. ఆ చొక్కాలే కొద్ది ఏళ్లలో జపాన్ మగవాళ్ల మామూలు దుస్తులయ్యాయి.

బడి యూనిఫాం మీద జరిగిన తిరుగుబాటు నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించింది. 1970లలో లోకమంతా మినీ స్కర్టుల మోజులో ఉంటే, 'సుకెబాన్' అనే రౌడీ అమ్మాయిల ముఠాలు యూనిఫాం స్కర్టును చీలమండల దాకా పొడుగు చేసుకున్నాయి. 1990లలో 'కొగ్యారు' అమ్మాయిలు అదే స్కర్టును నడుం దగ్గర మడిచి మడిచి పొట్టి చేసుకున్నారు. కిందికి జారి ముడతలు పడే తెల్లని వదులు మేజోళ్లు వేసుకుని, అవి పూర్తిగా జారకుండా కాలికి జిగురు రాసుకునేవాళ్లు. స్కర్టు ఒకటే, హద్దూ ఒకటే. ఒక తరం కిందికి దాటింది, ఇంకో తరం పైకి దాటింది. ఆ హద్దు ఎంత గట్టిదో చెప్పడానికి ఒక కేసు చాలు. పుట్టుకతోనే గోధుమరంగు జుట్టున్న ఒక అమ్మాయి, బడివాళ్లు పదేపదే నల్లరంగు వేయించుకోమన్నారని 2017లో ఒసాకాలో దావా వేసింది. 2021లో కోర్టు తీర్పు చెప్తూ, జుట్టు నియమం చెల్లుతుందంది. అయితే ఆ అమ్మాయి పేరు పట్టీలోంచి, బల్ల తరగతిలోంచి తీసేయడం మాత్రం తప్పని 3,30,000 యెన్ల పరిహారం ఇప్పించింది.

షిబుయా అమ్మాయిలు ఇంకా ముందుకెళ్లారు. జపాన్‌లో తెల్లని ఒళ్లే అందమని వందల ఏళ్లుగా చెప్తుంటే, వీళ్లు ఒంటిని గోధుమరంగు దాటి నల్లగా కమిలించుకుని, జుట్టు వెండిరంగు చేసి, కళ్ల చుట్టూ పెదవుల మీదా తెలుపు పూసుకున్నారు. పత్రికలు వాళ్లకు 'యమాన్బా' అని పేరు పెట్టాయి, జానపద కథల్లోని కొండరాకాసి. తిట్టు కదా అని వాళ్లేమీ నొచ్చుకోలేదు, ఆ పేరే ఉంచుకున్నారు. ఇంట్లో ఫెయిర్‌నెస్ క్రీముల మీద వాదనలు జరిగే దేశం నుంచి చూస్తే ఈ రాకాసుల మీద నాకు కొంచెం గౌరవం కలిగింది.

వీటన్నిటికీ డబ్బెక్కడిది? బ్యాంకు మనుషులం, ఆ ప్రశ్న రాక మానదు. 1989 డిసెంబరు చివరి రోజుల్లో జపాన్ షేర్ సూచీ నిక్కేయి 38,915 దగ్గర నిలిచింది. ఆ తర్వాత బుడగ పగిలింది. ఆ అంకెను మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో! ఆ మొదటి పదేళ్లలో పెరిగిన పిల్లలకు నాన్న చేసినట్టు ఒకే కంపెనీలో జీవితాంతం ఉద్యోగం అన్న హామీ పోయింది. ఇల్లు కొనే ఆశా సన్నగిల్లింది. అమ్మానాన్నల దగ్గరే ఉంటూ, చిన్నాచితకా పార్ట్‌టైమ్ పనులు చేస్తూ, వచ్చింది ఒంటి మీద పెట్టుకున్నారు. ఎంబీఏలో మాకు చెప్పిన పాఠం, కంపెనీ ముందు కొనుగోలుదారుల్ని వర్గాలుగా విడదీసి, తర్వాత సరుకు తయారుచేస్తుందని. ఇక్కడ పిల్లలే ముందు వర్గాలుగా విడిపోయారు. దుకాణాలు పరుగున వెనకొచ్చాయి. '109' భవనంలో అమ్మకం పిల్లలు సినిమా తారల్లా పేరు తెచ్చుకున్నది అందుకే. వాళ్లు ఏది వేసుకుంటే అది సాయంత్రానికి ఖాళీ.

హరజుకు ఈ కాలంలో వేరే దారి పట్టింది. పాత కిమోనో ముక్క, సెకండ్ హ్యాండ్ కోటు, చేత్తో కుట్టిన సంచి, జుట్టు నిండా పదుల కొద్దీ ప్లాస్టిక్ క్లిప్పులు, అన్నీ ఒకే మనిషి మీద. షోయిచి అయొకి అనే ఫొటోగ్రాఫర్ 1997లో 'ఫ్రూట్స్' అనే పత్రిక మొదలుపెట్టి, వీధిలో కనబడ్డ ఈ పిల్లల్ని నిలువునా ఫొటో తీసి, ఎవరే బట్ట ఎక్కడ కొన్నారో, ఏది సొంతంగా కుట్టుకున్నారో ఫొటో కింద వేసేవాడు. ప్రపంచానికి హరజుకును పరిచయం చేసింది ఎక్కువగా ఆ పత్రికే.

ఇక మా ఇంటి సంగతైన లోలిత. దీని మూలాలు ఐరోపా పాత కాలపు దొరసానుల గౌన్లలోనూ పిల్లల పుస్తకాల బొమ్మల్లోనూ ఉన్నాయి. పుట్టి పెరిగింది మాత్రం పూర్తిగా జపాన్‌లోనే. 1988లో మొదలైన 'బేబీ, ద స్టార్స్ షైన్ బ్రైట్' దీనికి పేరున్న దుకాణం. నలుపు ఎక్కువైతే గోథిక్, గులాబీ రంగైతే స్వీట్, ముదురు గోధుమ, మెరూన్ అయితే క్లాసిక్. లోపల గట్టి పెట్టీకోటు ఉండాలి, మోకాలు కనబడకూడదు, బూట్ల ముందు భాగం గుండ్రంగా ఉండాలి. ఇన్ని నియమాలు మన శాఖ ఇన్‌స్పెక్షన్‌లో కూడా ఉండవేమో! ఇంకో మాట. ఇది కాస్‌ప్లే కాదు. కాస్‌ప్లే అంటే కార్టూన్ పాత్రలా వేషం కట్టడం, మన పగటివేషంలా. వేషం తీసేస్తే పాత్ర పోతుంది. లోలిత వేసుకున్న అమ్మాయి ఎవరిలాగో నటించదు. అవి ఆమె బట్టలు. "ఏమిటా వేషం" అన్న నా మాట ఎందుకు తప్పో మా అమ్మాయి ఇలాగే విడమరిచి చెప్పింది.

ఆదివారం హరజుకు స్టేషన్ పక్కనున్న జింగు వంతెన మీద ఈ అమ్మాయిలు చేరేవాళ్లు. చాలామంది టోక్యో వాళ్లు కాదు, చుట్టుపక్కల జిల్లాల నుంచి రైల్లో వచ్చేవాళ్లు. మామూలు బట్టల్లో ఇంటి నుంచి బయల్దేరి, చక్రాల పెట్టె లాక్కుంటూ వచ్చి, స్టేషన్ మరుగుదొడ్లలో గౌను తొడుక్కుని, పెట్టెను లాకర్లో పెట్టి, సాయంత్రం మళ్లీ మామూలు బట్టల్లో ఇల్లు చేరేవాళ్లు ఉండేవారు. ఇది చదివాక చాలాసేపు ఏమీ చదవలేకపోయాను. ఖరగ్‌పూర్‌లో స్నేహితురాలి క్వార్టర్స్, అక్కడ స్టేషన్ లాకరు.

2004లో వచ్చిన 'కామికాజి గర్ల్స్' అనే జపాన్ సినిమా మేమిద్దరం కలిసి చూశాం. నొవాలా తకెమొతొ నవల దానికి ఆధారం. షిమొత్సుమా అనే పొలాల మధ్య ఊళ్లో లోలిత గౌను వేసుకునే ఒంటరి అమ్మాయి ఒకతె, మోటార్ సైకిల్ ముఠాలో తిరిగే ఇంకో అమ్మాయి. గౌను కొనాలంటే మొదటి అమ్మాయి గంటల తరబడి రైల్లో టోక్యో వెళ్లాలి. ఆ రెండో అమ్మాయి పొడుగు కోటు మీద మొదటి అమ్మాయి బుటా పని చేసి పెట్టడంతో కథ కుదురుకుంటుంది. సినిమా అయ్యాక మా అమ్మాయి అన్న మాట ఇది. "అమ్మా, నేను ఐదు ఊళ్లు మారాను. ప్రతి బళ్లోనూ మొదటి నెల కొత్తమ్మాయినే. ఈ గౌను వేసుకునేవాళ్లు కోల్‌కతాలో ఉన్నారు, హైదరాబాద్‌లో ఉన్నారు. ఎక్కడికి బదిలీ అయినా వాళ్లు నాకు తెలిసినవాళ్లే." బదిలీ ఉత్తర్వు అందుకున్న ప్రతిసారీ నేను క్వార్టర్స్ గురించీ, బడి సీటు గురించీ ఆలోచించాను. తెగ గురించి ఆలోచించలేదు.

ఇదంతా పనీపాటా లేనివాళ్ల వ్యవహారమని అనుకునేవారికి మిసాకొ అయొకి ఉదాహరణ. ఆమె వృత్తి నర్సు. ఆసుపత్రి డ్యూటీ చేస్తూనే లోలిత మోడల్‌గా పేరు తెచ్చుకుంది. 2009లో జపాన్ విదేశాంగ శాఖ ముగ్గురు అమ్మాయిల్ని 'కవాయి' రాయబారులుగా నియమించింది. కవాయి అంటే ముద్దొచ్చేది. ఆ ముగ్గురిలో ఆమె ఒకరు. 1964లో పోలీసుల్ని పంపిన ప్రభుత్వమే 45 ఏళ్లకు ఇలా నియామక పత్రం ఇచ్చింది.

అయితే ఆ వీధి ఇప్పుడలా లేదు. ట్రాఫిక్ ఇబ్బంది, వీధి బ్యాండ్ల చప్పుడు మీద ఫిర్యాదులు పెరిగి, 1998లో హోకోతెన్ ఎత్తేశారు. ఆదివారాలు రోడ్డు మళ్లీ కార్లకే. అదే ఏడు నవంబరులో యూనిక్లో హరజుకులో పెద్ద దుకాణం తెరిచి 1,900 యెన్లకు ఉన్ని జాకెట్ అమ్మింది. జనం ఎగబడ్డారు. వంతెన మీద అమ్మాయిలు ఇంకొన్నేళ్లు చేరారు, తర్వాత పలచబడ్డారు. 2017లో అయొకి 'ఫ్రూట్స్' ఆపేశాడు, ఫొటో తీయదగ్గ పిల్లలు వీధిలో కనబడటం లేదని. 1924 నాటి హరజుకు చెక్క స్టేషన్ భవనం యుద్ధపు బాంబుల్ని తట్టుకుంది గానీ, 2020 మార్చిలో కొత్త అద్దాల స్టేషన్ రావడంతో దాని పని అయిపోయింది. చౌక బట్టలూ ఫోన్లూ ఈ తెగల్ని చెదరగొట్టాయని చాలామంది అంటారు. నా మటుకు నాకు రోడ్డు పోవడమే పెద్ద దెబ్బ అనిపిస్తుంది. ఏమీ కొనకుండా, ఎవరూ "ఇక్కడేం పని?" అనకుండా నాలుగు గంటలు నిలబడే చోటు పిల్లలకు వారానికొకసారి దొరికేది. మన ఊళ్లలో మగపిల్లలకు టీ కొట్టు ఉంది. ఆడపిల్లలకు ఏముంది? ఏడాదికి ఐదు రోజులు పూజా పందిరి.

అసలు దుకాణం గౌను 30,000 యెన్ల దాకా ఉంటుంది, మన లెక్కలో పదిహేను వేలకు పైమాటే. మా అమ్మాయి గౌను గుడ్డ, కుట్టుకూలి కలిపి అందులో పదోవంతు కూడా కాలేదు. కాకపోతే లేసు మరీ నాసిరకం, రెండు ఉతుకులకే పీచులు తేలింది. అది పట్టుకుని అత్తయ్య కళ్లద్దాలు తుడుచుకుని చూశారు. "ఇదేం లేసే, దోమతెర ముక్క" అన్నారు.

అత్తయ్యది నరసాపురం దగ్గర పల్లె. ఆ చుట్టుపక్కల, పాలకొల్లు దాకా, ఇంటింటా ఆడవాళ్లు కురుసు సూదితో లేసు అల్లుతారు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని అది. అరుగు మీద కూర్చుని అల్లినది ఓడలెక్కి ఐరోపా, అమెరికా వెళ్లేది. అల్లిన చేతికి దక్కే కూలి బహు స్వల్పం. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో ఆ లేసు ఆడవాళ్ల మీద పుస్తకమే రాసింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవన్నీ నేను అత్తయ్యకు చదివి వినిపించాను. ఆవిడ విన్నది విని, "పదేళ్లప్పటి నుంచి పెళ్లయ్యేదాకా అల్లాను. టేబుల్ గుడ్డలు, కాలర్లు, గౌన్ల అంచులు. అల్లడమే గానీ ఒక్కటీ మేం తొడుక్కున్నది లేదు. ఎవరు తొడుక్కుంటారో కూడా తెలీదు" అన్నారు.

మర్నాడు గోల్ బజార్ నుంచి తెల్ల దారం ఉండలు రెండు, 12వ నంబరు సూది తెప్పించుకున్నారు. మోకాళ్ల నొప్పులే గానీ వేళ్లు బాగానే ఆడుతున్నాయి. కాలరు పది రోజుల్లో అయింది. చేతుల అంచులు ఇంకా సాగుతున్నాయి. మధ్యలో మనవరాలికి గొలుసు కుట్టు నేర్పుతున్నారు. అది రెండు వరుసలు అల్లి మూడు ఊడదీస్తోంది.

సంక్రాంతికి మా తెలుగువాళ్లం కలిసిన చోటికి మా అమ్మాయి ఆ గౌను మా ఇంట్లోనే వేసుకుని, మాతోనే వచ్చింది. అందరూ మెచ్చుకున్నారని అబద్ధం చెప్పను. ఒకావిడ నన్ను పక్కకు పిలిచి, ఆఫీసరు ఉద్యోగం చేస్తూ పిల్లను కాస్త చూసుకోవద్దా అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను గానీ ఇంటికొచ్చాక చాలాసేపు అదే తలుచుకున్నాను. మావారు ఫోన్లో, "కాలరు బాగుంది, మిగతాది నాకు అర్థం కాలేదు" అన్నారు. ఆయనకు ఈ వ్యాసమే పంపిస్తున్నాను.

బదిలీల జాబితా వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. ఎక్కడికో తెలియదు. పెట్టీకోటు నలగకుండా పెట్టెలో ఎలా సర్దాలో మా అమ్మాయి ఇప్పటికే వీడియోలు చూస్తోంది.